నాంచారి గీత

మన తాతల తాతలకు మూతి మీద మీసం మొలవని కాలంలో, ఒక ఊళ్లో నాంచారి అని ఒకావిడ ఉండేది. ఎవరింట పెళ్లైనా వధూవరుల కాళ్లకు పారాణి పెట్టడం ఆమె పని. పనయ్యాక ఆమెకు వాకిట్లో విస్తరి వేసేవాళ్లు. అదీ అందరూ తిన్నాక.

వేపపుల్లకు దూది చుట్టి, మడమ దగ్గర మొదలుపెట్టి, పాదం అంచు వెంబడి వేళ్లదాకా గీసేది. పెళ్లికొడుకుల వేళ్లు కిందికి ముడుచుకునేవి. పసిపిల్లలకు నూనె రాసేదీ ఆమే. వాళ్ల అరికాలు గీస్తే బొటనవేలు పైకి లేచేది.

ఒక పెళ్లిలో పెళ్లికొడుకు బొటనవేలు పైకి లేచింది. శుభమా అని పెళ్లి జరుగుతుంటే మనకెందుకులే అని నాంచారి నోరు మూసుకుంది. ఏడాది తిరిగేసరికి అతని కాళ్లు పడిపోయాయి. ఆమె మూడు రోజులు అన్నం ముట్టలేదు.

రెండో పెళ్లిలోనూ లేచింది. ఈసారి పెళ్లికొడుకు తల్లి చెవిలో చెప్పింది. "అమ్మా, పసివాడి వేలు లేస్తే ముద్దు, పెద్దవాడి వేలు లేస్తే ముప్పు. వైద్యుడికి చూపించండి."

"చక్కిలిగింతలేవే, ఊరుకో" అందామె.

కోతలనాటికి అతనూ మంచాన పడ్డాడు. తప్పు ఎవరి మీదికి వచ్చిందనుకున్నారు? "నాంచారి నాలుక మీద మచ్చ ఉంది" అన్నారు ఊరివాళ్లు.

మూడో పెళ్లి పెద్దకాపు అచ్చయ్య కొడుకు సూరన్నది. ఉయ్యాలనాడు నాంచారి నూనె రాసిన కాళ్లే అవి. గీసింది. వేలు లేచింది. ఆమె పుల్ల పక్కన పెట్టి అచ్చయ్య దగ్గరికి వెళ్లింది.

"అయ్యా, పసివాడి వేలు లేస్తే ముద్దు, పెద్దవాడి వేలు లేస్తే ముప్పు. మీ కాళ్లు పట్టుకుంటా. పెళ్లి రేపైనా అవుతుంది, ముందు పిల్లాణ్ణి చూపించండి."

"నాన్నా, నెల నుంచి నా చెప్పు జారిపోతున్నా తెలియడం లేదు" అన్నాడు సూరన్న మెల్లగా.

"నువ్వు నోర్ముయ్యి!" అని అరిచాడు అచ్చయ్య. నాంచారిని కొట్టించాడు. పారాణి గిన్నె ఆమె నెత్తిన బోర్లించి పొలిమేర దాటించారు. ఆ వానాకాలం ఆమె జ్వరంతో పోయింది. మోయడానికి నలుగురు రాలేదు.

సంక్రాంతి రాకముందే సూరన్న కాళ్లు చచ్చుబడ్డాయి. దూరదేశం నుంచి పెద్ద వైద్యుణ్ణి పిలిపించారు. ఆయన చీపురుపుల్ల అడిగి తీసుకుని, మడమ నుంచి అంచు వెంబడి గీశాడు. బొటనవేలు పైకి లేచింది.

"వెన్నులో గడ్డ. పెళ్లినాడే తెచ్చి ఉంటే నడిపించేవాణ్ణి. ఈ వేలు ఒక్కరూ చూడలేదా?"

"ఎవరూ చూడలేదండీ" అన్నాడు అచ్చయ్య.

"చూసింది నాన్నా" అన్నాడు మంచం మీది సూరన్న. "నువ్వే కొట్టించావు."

ఇప్పటికీ ఆ వైపు పెళ్లిళ్లలో పారాణికి ముందు ఉత్తపుల్లతో అరికాలు గీస్తారు. దాన్ని నాంచారి గీత అంటారు. పెద్దలంతా వంగి వేలు చూస్తారు. ముడుచుకుంటే "నాంచారమ్మ తల్లి చల్లగా చూసింది" అని దండం పెడతారు.

ఆ గీత గీసినావిడకు మాత్రం వాకిట్లోనే విస్తరి. అదీ అందరూ తిన్నాక.