పెద్ద కొమ్ముల పొట్టేలు

కొండవాకిలి రాజావారు ఏటా కొండగొర్రెల వేటకొచ్చి, మందలో అన్నిటికంటే పెద్ద కొమ్ములున్న పొట్టేలునే కొట్టేవారు. ఇరవై ఏళ్లుగా అదే వరస. ఈ ఏడు కొండంతా గాలించినా జానెడు కొమ్ములవే కనిపించాయి.

"మందను మాడ్చి చంపుతున్నావట్రా?" అని కొండ కాపలాదారు ఓబులేసు మీద విరుచుకుపడ్డారు. "రేపటికల్లా కారణం చెప్పకపోతే నీ వీపు చీరిస్తాను!"

పెద్దవాటిని వదిలెయ్యమని ఏటేటా మొత్తుకుని మొత్తుకుని ఓబులేసుకు విసుగెత్తిపోయింది. మర్నాడు మధ్యాహ్నం గుడారంలో రాజావారికి కోడికూర వడ్డించాడు.

"అబ్బ, అమోఘం! ఏ కోడిరా ఇది?"

"తమరు వెంట తెచ్చుకున్న పందెంకోడి ప్రభూ, డేగపుంజు. ఉన్న రెండిట్లో పెద్దది అదేగా."

రాజావారి చేతిలోంచి ముద్ద జారిపోయింది. "ఓరి మూర్ఖుడా! జాతిపుంజును కోసుకు తింటే, ఇక దాని జాతి ఎలా నిలుస్తుందిరా?"

"బక్కపుంజు ఉందిగా ప్రభూ."

"బక్కదానికి బక్కపిల్లలే పుడతాయి! ఆ మాత్రం తెలీదూ?"

"నాకు తెలుసు ప్రభూ. కొండమీద పొట్టేళ్లకూ తెలుసు."

అంతలో గుడారం వెనక నుంచి డేగపుంజు కొక్కొరొకో అని కూసింది.

"తమరు లొట్టలేసుకుని తిన్నది బక్కదాన్నే," అన్నాడు ఓబులేసు విసుగ్గా. "డేగను గంప కింద దాచాను. పొట్టేళ్లనూ అలాగే దాచేవాణ్ణి, కొండకు సరిపడా గంప దొరకలేదు."