దిబ్బ దిగిన నక్క

మేక రావులమ్మకు తొమ్మిదేళ్లు. ఏ ఆకునైనా వాసన చూడందే నోట పెట్టదు.

గుట్ట కింది దొడ్డిలో పిల్లలకు నాటకాలు వేసేది ఆమే. ఎరువు దిబ్బే రంగస్థలం. ఆమె నాటకాలకు ఒక కట్టుబాటు ఉంది. వేషగాడు దిబ్బ దిగాడంటే పిల్లలంతా చతికిలబడి, అడగాల్సింది అడగాలి. జవాబు నచ్చేదాకా ఎవరూ లేవకూడదు.

దొడ్డికి పెద్ద అయిన పుంజు భూషయ్యకు ఇది కళ్లలో కారం కొట్టినట్టుండేది.

"పిల్లలకు కావలసింది నవ్వు, రావులమ్మా. నువ్వు నేర్పేది ఎదురుమాట. మొన్న ఆ చుక్కల పెట్ట గౌరి కూతురు నన్నే అడిగింది, 'తాతా, నువ్వు కూయకపోతే తెల్లారదా?' అని!"

"ఏం చెప్పావు?"

"నోర్మూసుకోమన్నాను."

"అయితే తెలియదన్నమాట. ఇంతకీ ఆ గౌరేదీ? నిన్నటి నుంచీ జాడ లేదు."

"ఎవడితోనో లేచిపోయి ఉంటుంది."

"వెతికావా?"

"లేచిపోయినదాన్ని వెతకడమేంటి!"

ఆ మాటతో పాటు నాటకాలనూ తెగ్గొట్టాడు. వాటి బదులు నక్కను పిలిపించాడు. నక్క మెడలో తులసిపూసలు, భుజాన డప్పు.

"మాంసం ముట్టి ఏడాదయింది భూషయ్య గారూ. నా ఆటలో నీతుల గోల ఉండదు. పిల్లలు కడుపుబ్బా నవ్వుతారు, అంతే."

"అదీ వినోదమంటే!"

"దొంగ చేతికి తాళాలిస్తున్నావు" అంది రావులమ్మ.

"కళ గురించి ఆడదానివి నువ్వు చెప్పాలా?"

"ఆడది పెట్టిన గుడ్డులోంచే వచ్చావు. కాస్త తగ్గు."

మధ్యాహ్నం మనుషులు పొలానికి పోయారు. కొమ్ములున్న పశువులన్నీ మేతకు పోయాయి. రావులమ్మను మాత్రం గుంజకు కట్టేశారు. పలుపు నాలుగు మూరలు. దిబ్బ ఆరు మూరల దూరం. దిబ్బ వెనకాల కంపకంచెలో నక్క దూరేంత సందు.

నక్క పల్టీలు కొట్టింది. పిల్లలు పొర్లి పొర్లి నవ్వారు. రావులమ్మ కూతురు మల్లి కూడా నవ్వింది.

"అల్లుళ్లూ, కోడళ్లూ! ఇప్పుడు కళ్లు మూసుకుని నా డప్పు వెంట రండి. సీతాఫలాల తోట చూపిస్తా!"

భూషయ్య చప్పట్లు చరిచాడు. పిల్లలు కళ్లు మూసుకున్నారు. రావులమ్మ అరిచింది, డప్పు ఆ అరుపును మింగేసింది. పలుపు మెడలో దిగింది. మల్లి ఒక అడుగు వేసింది.

నక్క దిబ్బ దిగింది.

గౌరి కూతురు కళ్లు తెరిచి చూసింది. "వేషగాడు దిగాడు!"

పిల్లలంతా టపటపా చతికిలబడ్డారు.

"లేవండర్రా!" అంది నక్క.

"తోట ఎక్కడ మామా?"

"అమ్మలకు చెప్పావా?"

"కళ్లెందుకు మూసుకోవాలి?"

రావులమ్మ అరవడం ఆపేసింది.

నక్క గుంజ వైపు ఒక అడుగు వెనక్కి వేసింది. పిల్లలు కూర్చున్నచోటే జరిగి చుట్టుముట్టారు. మరో అడుగు. మల్లి వేపరెమ్మ చాచింది. "మాంసం మానేశావుగా, ఇది నములు మామా. ముందు వాసన చూడు."

భూషయ్య చూస్తున్నాడు. నక్కకు నమలక తప్పలేదు. ఆ చేదుకు నోరు బార్లా తెరిచింది. పళ్ల సందున చుక్కల ఈక.

"అది మా అమ్మది" అంది గౌరి కూతురు.

భూషయ్య మెడ వాలిపోయింది. నక్క కోరలు బయటపెట్టి, ఆ కోడిపిల్ల మీదికి వంగింది.

పలుపు నాలుగు మూరలు. నక్క నిలబడింది మూడో మూరలో.

రావులమ్మ కొమ్ము డొక్కలో దిగింది. నక్క డప్పు వదిలేసి, మూడు కాళ్ల మీద కుంటుతూ కంపలో పడి, తులసిపూసలు తెంపుకుని గుట్టెక్కింది.

చప్పట్లు మాత్రమే నేర్చిన పిల్లలు నక్క వెంట కూడా చప్పట్లు కొడుతూనే నడుస్తారు.

నెల తిరక్కుండా రావులమ్మ గౌరి మీద నాటకం వేసింది. అందులో 'లేచిపోయింది' అన్నవాడి వేషం భూషయ్య చేతే కట్టించి, దిబ్బ దింపింది.