ఎడమవైపు సీటు

కోదండరావు కారులో ఒక చప్పుడు పుట్టింది. టిక్ మంటుంది, ఆగుతుంది, మళ్ళీ టిక్ టిక్ మంటుంది. బండి ఆపితే ఉండదు. స్పీడు నలభై దాటగానే మొదలవుతుంది.

అది రెండే సీట్ల చిన్న కారు. టాపు వెనక్కి మడిచేస్తే నెత్తి మీద ఆకాశమే. విశాఖపట్నంలో అలాంటివి ఎన్నున్నాయో గానీ, ఇన్ని సింగారాలున్నది మాత్రం ఇదొక్కటే. కోదండరావుకి సిరిపురంలో కార్ల యాక్సెసరీస్ షాపుంది. కొత్త సరుకు ఏది దిగినా ముందు తన బండికి బిగించి చూసుకోవాల్సిందే. ఫాగ్ లైట్లు, వెనక స్పాయిలరు, తోలు తొడిగిన స్టీరింగు, వెడల్పు టైర్లు, వెనక నుంచి గాలి కొట్టకుండా సీట్ల వెనకాల ఇనప ఫ్రేములో ఒక అద్దం. ఎడమవైపు సీటు పీకేసి ఆ చోట పెద్ద స్పీకరు పెట్టె కూర్చోబెట్టాడు. బీచ్ రోడ్డులో ఆపితే జనం మూగి ఫోటోలు తీసుకుంటారు. తీసుకుని ఎవరి దారిన వాళ్ళు పోతారు.

భార్య వసంత పోయి రెండేళ్ళయింది. తుక్కు కింద అమ్ముతున్న ఆ బండిని ఇద్దరూ కలిసే కొన్నారు. సాయంత్రం భీమిలి దాకా వెళ్ళి రావడం ఆమె పెట్టిన అలవాటు. ఆమె పోయాక రోజు మొత్తంలో అతనికి మిగిలింది ఆ గంట ఒక్కటే. ఇప్పుడు ఆ గంటని కూడా ఈ చప్పుడు తినేస్తోంది.

బిగించినవన్నీ ఒక్కొక్కటే విప్పి మళ్ళీ బిగించాడు. డాష్‌బోర్డు ఊడదీశాడు. తెలిసిన మెకానిక్కులిద్దరు తోలి చూసి, ఇంజన్లో ఏమీ లేదని తేల్చేశారు. ఇక లాభం లేదనుకుని ఒక శనివారం పొద్దున కంచరపాలెంలో మీరా సాహెబ్ షెడ్డుకి వెళ్ళాడు.

కోదండరావు తొమ్మిదేళ్ళు పని నేర్చుకున్నది ఆయన దగ్గరే, ఇప్పటికీ ఉస్తాద్ అనే పిలుస్తాడు. వసంత పదకొండో రోజుకి ఆయన వచ్చి వెళ్ళాక, మళ్ళీ తను ఆ గుమ్మం తొక్కలేదు. దానికి లోపల సిగ్గుగానే ఉంది.

మీరా సాహెబ్ బండి చుట్టూ నిదానంగా ఒకసారి తిరిగాడు. స్పాయిలరు మీద వేలితో కొట్టి చూశాడు.

“పెళ్ళికొడుకు గుర్రానికి కూడా ఇన్ని కట్టరు గదరా.”

కోదండరావుకి నవ్వు రాలేదు. చప్పుడు సంగతంతా చెప్పాడు. ఇది పోకపోతే వచ్చే వారం బండి అమ్మేస్తానని కూడా చెప్పాడు. బానెట్ ఎత్తబోతుంటే ఉస్తాద్ చెయ్యడ్డం పెట్టాడు.

ఆ షెడ్డులో ఒక పద్ధతుంది. ట్రయల్‌కి వెళ్ళకుండా బానెట్ ఎత్తరు. బండిగలాయన తోలాలి, మెకానిక్కు పక్కన కూర్చోవాలి. తోలేవాడికి రోడ్డు మీదే ధ్యాస, బండి మాట వినబడేది పక్కవాడికి అంటాడు మీరా సాహెబ్. కోదండరావు తొమ్మిదేళ్ళూ ఎన్ని బండ్ల ఎడమ సీట్లలో కళ్ళు మూసుకుని కూర్చుని ఏది బేరింగో ఏది బుష్షో చెప్పడం నేర్చుకున్నాడో లెక్కలేదు.

ఉస్తాద్ టోపీ తీసి, గాలికి ఎగరకుండా జేబులో పెట్టుకుని, ఎడమవైపు తలుపు తీశాడు. లోపల స్పీకరు పెట్టె ఉంది.

“సీటేదిరా?”

“తీసేశాను ఉస్తాద్. స్పీకర్ల కోసం.”

అందరికీ ఇదే చెబుతున్నాడు. ఎదురింటి జగన్నాథం మాస్టారు ఓసారి ఎక్కించుకోవయ్యా అని రెండుసార్లు అడిగాడు. బావమరిది కూడా అడిగాడు. వాళ్ళకి ఆ పెట్టె చూపించి ఊరుకున్నాడు. అసలు సంగతి వేరు. తోలుతుంటే కంటి కొసన ఖాళీ సీటు కనబడేది. అది చూడలేకపోయాడు.

మీరా సాహెబ్ తలుపు మెల్లగా మూశాడు. జేబులోంచి టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. బెంచీ మీద కూర్చుని, ఆ పూట విప్పిన స్కూటరు కార్బొరేటరు చేతిలోకి తీసుకుని కడగడం మొదలుపెట్టాడు. కోదండరావు కాసేపు నిలబడి చూసి, బండి తీసుకుని ఇంటికి వెళ్ళిపోయాడు.

సీటు అటక మీద ఉంది, పాత దుప్పటి చుట్టి. ఆదివారమంతా ఆ పనే అయింది. పెట్టె విప్పి, వైర్లు లాగి, నేల తుడిచి సీటు పెట్టాడు. నాలుగు బోల్టులే. మూడు బిగించి ఆగాడు. బయటికి వచ్చి కాసేపు మెట్ల మీద కూర్చుని, అప్పుడు వెళ్ళి నాలుగోది బిగించాడు.

సోమవారం పొద్దున కోదండరావు వెళ్ళేసరికి మీరా సాహెబ్ ఉతికిన చొక్కా వేసుకుని షెడ్డు ముందే నిలబడి ఉన్నాడు. ఎక్కి కూర్చుంటే ఆయన మోకాళ్ళు డాష్‌బోర్డుకి తగిలాయి. వసంత పొట్టి మనిషి. ఆమె ఎప్పుడో ముందుకి జరుపుకున్న సీటు అలాగే ఉండిపోయింది.

“వెనక్కి జరుపుకోండి ఉస్తాద్. కింద మీట ఉంది.”

“ఉండనీ.”

ఆయన బెల్టు లాగి పెట్టుకున్నాడు. బండి కదిలింది.

కోదండరావు చెవులు రిక్కించి తోలాడు. నలభై దాటింది. యాభై దాటింది. ఏమీ లేదు. కైలాసగిరి దాటాక ఉస్తాద్ కబుర్లలో పడ్డాడు. పనిలో చేరిన కొత్తలో కోదండరావు ఒక డాక్టరు గారి కారుకి ఆయిలు మార్చి, మూత బిగించడం మరిచిపోయిన సంగతి గుర్తు చేశాడు. ఆ డాక్టరు గారు ఎంత తిట్టారో కోదండరావు చెప్పాడు. తర్వాత వసంత సంగతి తనే ఎత్తాడు. ఆస్పత్రి రోజులు చెప్పాడు, చివరి రోజు చెప్పాడు. ఎవరికీ చెప్పనివి అవి. ఉస్తాద్ అంతా విన్నాడు. మంగమారిపేట దగ్గర పడేసరికి, చప్పుడు కోసం వినడమే మరిచిపోయానని కోదండరావుకి తట్టింది.

“రావట్లేదు ఉస్తాద్,” అన్నాడు.

మీరా సాహెబ్ బెల్టు విప్పి వదిలేశాడు. పట్టీ సర్రున వెనక్కి పోయింది. రెండు క్షణాలు గడిచాయో లేదో, టిక్ మంది. తర్వాత టిక్ టిక్ మంది.

పట్టీ చివరనున్న ఇనప నాలిక గాలికి ఊగుతూ, వెనక బిగించిన అద్దం ఫ్రేముకి కొట్టుకుంటోంది.

ఉస్తాద్ బెల్టు లాగి మళ్ళీ పెట్టుకున్నాడు. చప్పుడు ఆగిపోయింది.

ఇంతేనా అని కోదండరావుకి సిగ్గేసింది. తొమ్మిదేళ్ళు పని నేర్చినవాడు బండి మొత్తం ఊడదీసి ఇది చూసుకోలేదు. బండి వెనక్కి తిప్పాడు. ఇంకాసేపటికి ఈయన దిగిపోతాడు, సాయంత్రం ఇదే రోడ్డు మీద మళ్ళీ తనొక్కడే అనుకున్నాడు.

“అయితే ఉస్తాద్, ఖాళీ సీటుకే బెల్టు పెట్టేసి తోలితే సరిపోతుంది కదా?”

మీరా సాహెబ్ ఒంటి మీద బెల్టు సర్దుకున్నాడు.

“చప్పుడుకైతే సరిపోద్ది,” అన్నాడు.