పుల్లమ్మ మోకాలు ఎక్కడుంది?

అనగనగా ఒక అడవిలో, తుంగ మొలిచిన మడుగులో పుల్లమ్మ అనే కొంగపిల్ల ఉండేది. ఒళ్ళు చారెడు, కాళ్ళు బారెడు.

ఎండలకి మడుగు ఇంకిపోతోంది. "రేపు పొద్దున్నే అందరం నదికి ఎగిరిపోతున్నాం. వెనకబడితే ఇక్కడ నీళ్ళుండవు, తిండుండదు," అంది నాయనమ్మ.

ఆ మధ్యాహ్నం గట్టు మీద ఎలుగుబంటి మామ కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.

"ఏమే పుల్లమ్మా, నా మోకాలు చూడు, ముందుకి వంగుతుంది. నీదేంటే వెనక్కి పోతోంది? తిరగేసి బిగించారా?" అన్నాడు.

పుల్లమ్మ వంగి చూసుకుంది. నిజమే, వెనక్కే. కోతిని చూసింది. ముందుకే. కప్పని చూసింది. అదీ ముందుకే. బుర్ర గిర్రున తిరిగింది. మోకాలు వెనక్కి వంగితే నేను వెనక్కి నడవాలి కదా? మరి ముందుకెలా పోతున్నాను?

"కప్పన్నా, నేను ఎటు నడుస్తున్నాను?" అని అడిగింది.

"నా మీదికే వస్తున్నావు తల్లీ, అక్కడే ఆగు," అని కప్ప నీళ్ళలోకి దూకేసింది.

పుల్లమ్మకి ఏమీ పాలుపోలేదు. మళ్ళీ మామ దగ్గరికే పోయింది.

"కట్టు కడితే సరి. తెల్లారేసరికి దారికొస్తుంది," అన్నాడు మామ. రెండు కాళ్ళకీ వెదురు బద్దలు పెట్టి, తుంగతో బిగించి కట్టాడు.

నాయనమ్మకి చెప్పాలంటే సిగ్గేసింది. చెప్పలేదు.

తెల్లారింది. కొంగలన్నీ కాళ్ళు మడిచి, వేళ్ళతో నేలని తన్ని, పైకి లేచాయి. కట్టు వల్ల పుల్లమ్మ కాళ్ళు మడతపడలేదు. ముక్కు బురదలో దిగబడింది. మంద వెళ్ళిపోయింది. నాయనమ్మ ఒక్కతే వెనక్కి దిగింది.

"ఏంటే ఈ కట్టు?"

"మోకాలు బాగుచేసుకుంటున్నా నాయనమ్మా. ఎలుగుబంటి మామ కట్టాడు."

"మోకాలేదీ?"

"ఇదిగో."

"పిచ్చిదానా, అది మడమే." నాయనమ్మ ముక్కుతో పుల్లమ్మ పొట్ట దగ్గరి ఈకలు తొలగించింది. "మోకాలు ఇక్కడ దాక్కుంది. ముందుకే వంగుతోంది, చూడు. మీ మామ మడమ నేలకి ఆనుతుంది. మనది పైకి లేచి ఉంటుంది. మనం నడిచేది వేళ్ళ మీద. బోడిగుండుకీ మోకాలికీ ముడేశారంటారు. మీ మామ మడమకీ మోకాలికీ ముడేశాడు."

నాయనమ్మ తుంగ కట్టు కొరికేసింది. పుల్లమ్మ కాళ్ళు తిమ్మిరెక్కిపోయాయి. తిమ్మిరి వదిలేదాకా ఇద్దరూ ఎండలో నిలబడ్డారు. తర్వాత పుల్లమ్మ మడమ మడిచింది, వేళ్ళతో తన్నింది, లేచింది.

కిందనుంచి మామ అరిచాడు. "చూశావా, నా కట్టు ఎలా పనిచేసిందో."

పుల్లమ్మ రెండు మడమలూ వెనక్కి చాపుకుని, నాయనమ్మ వెనకే నది వైపు పోయింది.

నీతి: ఎదుటివాళ్ళ కాళ్ళు చూసి మన కాళ్ళకి కట్టు కట్టుకుంటే, ఉన్న నడకా పోతుంది.