వేదాద్రి వేసిన పట్టిక

“మేడం, విండోస్, మాక్, లినక్స్... ఈ మూడింట్లో ఏది గొప్పదండీ?” అని వేదాద్రి అడిగేసరికి, మాణిక్యాంబ గారు ఒక పాత కంప్యూటరు మూత విప్పి బ్రష్షుతో దుమ్ము దులుపుతున్నారు. పాలిటెక్నిక్‌లో రిటైరయ్యాక ఆవిడ బందరులో కంప్యూటరు పని నేర్పుతున్నారు. శిష్యులందరూ ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న అడిగినవాళ్లే. ఆవిడ ఎవరికీ జవాబు చెప్పిన పాపాన పోలేదు.

వేదాద్రికి మాత్రం ఆ రోజు జవాబుతో పనిబడింది. ఊళ్లోని అంధుల బడిలో పాత కంప్యూటర్లు తీసేసి కొత్తవి పెడుతున్నారు. వాటిలో ఏ సిస్టం ఉండాలో సాయంత్రం నాలుగింటికి బడి కమిటీ ముందు అతనే చెప్పాలి. వేగం, ధర, వైరస్ భయం, తెర అందం అంటూ నలభై గడుల పట్టిక వేసుకొచ్చాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు, తాను వాడే సిస్టమే గెలిచేలా మార్కులు కూడా వేశాడు. ఇక మేడం గారు ఒక్కసారి ఊఁ అంటే చాలనుకున్నాడు.

ఆవిడ చేతులు తుడుచుకుని, “ఆ పట్టిక పట్టుకుని పద, బడికి పోదాం” అన్నారు.

బడిలో నాగరత్నం అనే ఆవిడ పాఠాలు విని టైపు చేస్తే, వాటిని బ్రెయిలీ పుస్తకాలుగా అచ్చు వేస్తారు. ఆమెకు పుట్టుకతోనే చూపు లేదు. పందొమ్మిదేళ్లుగా ఆ ఉద్యోగం మీదే ఇల్లు నెట్టుకొస్తోంది. ఆమె కంప్యూటరు తెర మీద తువ్వాలు కప్పి ఉంది. వేదాద్రి తువ్వాలు తీసి స్విచ్చు వేయబోతే నవ్వింది.

“దానికెందుకు బాబూ దండగ కరెంటు?”

వేదాద్రి నలభై గడులూ చదివి వినిపించాడు. నాగరత్నం శ్రద్ధగా విని, “ఇయ్యి మాట్లాడతాయా?” అంది. తెర మీది అక్షరాలను మూడూ పైకి చదువుతాయని చెప్పాడు.

“సరే. ఆగిపోతే, ఆగిపోయానని చెప్తాయా?”

వేదాద్రికి ప్రశ్నే అర్థం కాలేదు.

“మీకైతే కనపడుద్ది బాబూ. నాకు దాని గొంతు ఆగితే, అది ఆలోచిస్తందో చచ్చిందో తెలీదు. ఈ పాతది ఎక్కడ ఆగితే ఏం నొక్కాలో నా వేళ్లకి తెలుసు. కొత్తదానితో నేను పేజీలు పోగొట్టుకుంటే, నాగరత్నానికి చాతకావట్లేదని కమిటీవోళ్లు ఇంకోళ్లని పెట్టుకుంటారు.”

వేదాద్రి మనసు చివుక్కుమంది. అయినా తన సిస్టంతో ఆ బాధే ఉండదని గట్టిగా అన్నాడు.

“అయితే నీ ల్యాప్‌టాప్ తీయి” అన్నారు మాణిక్యాంబ గారు. “చదివే గొంతు పెట్టు. తెర వెలుగు పూర్తిగా ఆర్పేసి, ఒక ఉత్తరం టైపు చేసి సేవ్ చెయ్యి.”

ఆరేళ్లుగా వాడుతున్న సిస్టం. ఆపాటి పని నిద్రలోనైనా చేస్తాననుకున్నాడు. రెండు వాక్యాలు సాఫీగానే సాగాయి. సేవ్ చేయబోతే ఆ గొంతు ఏదో బటన్ పేరు చెప్పి ఊరుకుంది. మళ్లీ నొక్కాడు. ఈసారి అదీ లేదు. నల్లటి తెర వైపు కళ్లు చించుకుని చూశాడు. రాసింది ఉందో పోయిందో, అసలు మిషను తన మాట వింటోందో లేదో తెలియక అతనికి నిజంగానే భయం వేసింది. “ఏమైందండీ మేడం?” అన్నాడు. నాగరత్నమే చెయ్యి చాపి, తడుముకుని, అతని భుజం మీద వేసింది.

“కంగారు పడమాక బాబూ. మొదట్లో నేనూ ఇంతే.”

బయటికి వచ్చేసరికి నాలుగు కావస్తోంది. కమిటీ వాళ్లు ఒక్కొక్కరే పై గదిలోకి వెళుతున్నారు. వేదాద్రి సిగ్గుతో పట్టికను నాలుగు మడతలు పెట్టాడు.

“ఇప్పుడు వాళ్లకి నేనేం చెప్పనండీ?”

“నువ్వు చెప్పడానికేముంది?” అన్నారు మాణిక్యాంబ గారు. “ముందెళ్లి ఆ గదిలో నాగరత్నానికొక కుర్చీ వేయించు.”