అచ్చు గుద్దిన మంచిమాట

కాళ్ళు కడుక్కుని వచ్చారా? అయితే దుప్పట్లో దూరండి. ఒరే శేషూ, చెల్లి జడ లాగకు. కథ మధ్యలో తగువు పెట్టుకున్నారంటే అక్కడే ఆపేస్తా, ముందే చెబుతున్నా.

అనగనగనగా, పడవలొచ్చి ఆగే ఒక రేవు ఊళ్ళో, పేరిందేవమ్మ అని ఒకావిడ ఉండేదిట. రాజు లేడా అంటావేమే? ఉండే ఉంటాడు, ఏదో కోటలో. ఈ కథలో ఆయనకి పనిలేదు. పేరిందేవమ్మ వాళ్ళది అద్దకం ఇల్లు. చెక్క మీద పువ్వులూ చిలకలూ చెక్కి, ఆ అచ్చుతో బట్ట మీద బొమ్మలు వేస్తారన్నమాట. రంగులో ముంచు, గుడ్డ మీద ఉంచు, పిడికిలితో దంచు! ముంచు, ఉంచు, దంచు! తెల్లారి లేస్తే ఆ ఇంట్లో ఇదే పాట. మొగుడు పోయాక ఆ ఇల్లూ, ఆ కొట్టూ, కొడుకు నాంచారయ్యా, అంతా ఆవిడ పిడికిట్లోనే. చెడ్డది కాదు పాపం. నోరు కాస్త పెద్దది, చెవులు కాస్త చిన్నవి, అంతే.

నాంచారయ్యకి పెళ్ళయింది. కోడలి పేరు తాయారు. వీధిబడి పంతులుగారి కూతురు, నాలుగక్షరాలు వచ్చిన పిల్ల. కొట్లో కూచుని ఏం చేసేదంటే, ఎవరైనా బట్ట కొనగానే ఒక గుడ్డ పేలిక తీసుకుని, వెదురు కలంతో రెండు మాటలు రాసి, మడతలో పెట్టి ఇచ్చేదిట. బాలింతకని దుప్పటి కొన్నారనుకో, మీ పసివాడు ఇందులో హాయిగా బజ్జోవాలి, మా కొట్టు వెతుక్కుంటూ వచ్చినందుకు ఎంతో సంతోషం అని. ఎండనపడి వచ్చిన తాతగారనుకో, ఇంత దూరం మాకోసం నడిచారు, మీ మేలు మరిచిపోం, ఈసారి కబురంపితే మా ఆయన తెచ్చి ఇస్తారు అని. ఎవరి మాట వాళ్ళకే.

అత్తగారు సణిగేదిట. అమ్మేశాం, వాళ్ళు కొనేశారు, ఇంకా ఈ రాతలేమిటే, నువ్వొక పేలిక గీకేలోపు నేనొక పమిటచెంగు అద్దేస్తాను అని. తాయారు నవ్వి ఊరుకునేది. ఊరుకుంటూనే రాసేది. గట్టిపిల్ల.

ఇంతలో ఏమయిందీ? దుప్పటి కొన్నావిడ వదినకి చెప్పింది. వదిన వియ్యపురాలికి చెప్పింది. వియ్యపురాలు వీధి వీధంతా చెప్పింది. చదువు రానివాళ్ళు చదువు వచ్చినవాళ్ళని పిలిచి చదివించుకుంటే, ఆ చదివినాయన కూడా, ఎక్కడమ్మా ఈ కొట్టు అని అడిగేవాడు. ఆ రేవులో పోలయ్య అని సరంగు ఉండేవాడు. పడవల వాళ్ళందరికీ పెద్ద. పేరిందేవమ్మ మూటలు పై ఊళ్ళకి వెళ్ళాలంటే ఆయన పడవల మీదే వెళ్ళాలి. ఆయన భార్య అంకమ్మకి తాయారు రాసిన పేలికంటే ఎంత ముచ్చటో! కూతురి కాన్పుకి దుప్పటి కొన్నప్పుడు వచ్చిన పేలికని తమలపాకుల పెట్టెలో దాచుకుని, ఇంటికొచ్చిన వాళ్ళందరిచేతా చదివించుకునేదిట.

ఊ కొడుతున్నారా? కొట్టండి మరి, నేనొక్కదాన్నే వాగుతున్నానేమో అనుకున్నా.

అప్పుడు పేరిందేవమ్మకి బుర్రలో దీపం వెలిగింది. ఓహో, జనాన్ని లాక్కొస్తున్నది ఈ పేలికా! మరి ఇన్నేసి బట్టలకి ఇదొక్కతీ కూచుని ఎప్పటికి రాస్తుంది? మనం అద్దకం వాళ్ళమే, మనకి కలం ఏమిటి, ఒక అచ్చు చెక్కిస్తే పోలా అనుకుంది. కొడుకుని కూచోబెట్టి, తనే మాటలు చెప్పి చెక్కించింది. ఏం మాటలూ? "మీకు ఈ అవసరం మళ్ళీ మళ్ళీ రావాలి, మీరు మా కొట్టుకే రావాలి." ఎంత బాగా కుదిరిందో అని తనే మురిసిపోయిందిట.

తాయారు భయపడుతూనే అందిట, అత్తయ్యా, అందరి అవసరమూ ఒక్కటి కాదు కదా అని. చిన్న చెవులని చెప్పాగా, వినబడలేదు. ముంచు, ఉంచు, దంచు! గంపెడు పేలికలు. వాటిని ఎవరికి, దేనికి అని లేకుండా, కొట్లో ఉన్న ప్రతి బట్ట మడతలోనూ ముందే దోపేసి పెట్టారు.

కొన్నాళ్ళకి అంకమ్మకి జ్వరం తగిలింది. పుణ్యాత్మురాలు, పసుపు కుంకాలతో వెళ్ళిపోయింది. పోలయ్యే స్వయంగా వచ్చి, ఎర్రంచు చీర కావాలమ్మా, మా ఇంటిదానికి కప్పాలి అన్నాడు. పేరిందేవమ్మ నిజంగానే ఏడిచిందర్రా. కళ్ళు తుడుచుకుంటూ ఉన్నవాటిలో మంచిది తీసి చేతిలో పెట్టింది. మడతలో ఏముందో ఆవిడకి గుర్తే లేదు.

చీర విప్పినప్పుడు పేలిక జారిపడింది. ఆ దుఃఖంలో ఎవరు చదువుతారు? పోలయ్య దాన్ని జాగ్రత్తగా మొలలో దోపుకున్నాడు. పెద్దకర్మ నాడు చుట్టాలందరూ కూచున్నప్పుడు తీసి కర్మ చేయించే పంతులుగారికి ఇచ్చాడు. మాదానికి ఆ కోడలుపిల్ల మాటలంటే ప్రాణం బాబూ, ఆఖరిసారి ఏం రాసిందో, పదిమందీ వింటారు, చదవండి అన్నాడు. పంతులుగారు చూశారు. ఇప్పుడెందుకు పోలయ్యా అన్నారు. లేదు, చదవాల్సిందే అని పట్టుబట్టాడు. చదివారు.

మీకు ఈ అవసరం మళ్ళీ మళ్ళీ రావాలి.

పెళ్ళాన్ని పోగొట్టుకున్న ఆయనకి, వింటే ఎలా ఉంటుంది చెప్పండి?

పోలయ్య అరవలేదు, కొట్టు మీదికి రాలేదు. మర్నాడు మూటలు రేవుకి వెళితే ఒక్క పడవవాడూ ఎత్తలేదు. ఆ మర్నాడూ ఎత్తలేదు. కారణం కనుక్కోమని కొడుకుని పంపితే, నాంచారయ్య ఆ పేలిక పట్టుకుని తలొంచుకుని వచ్చాడు. పెద్దకర్మ నాడు జరిగింది చెప్పాడు, తాయారు పేలిక చదివి వినిపించింది. పేరిందేవమ్మ ఉన్నచోటే కూలబడిపోయింది. వానాకాలం ముంచుకొస్తోంది, మూటలన్నీ ఇంట్లోనే ఉంటే బూజు పట్టిపోతాయి, కొట్టు మూసుకోవడమే. అదో బాధ. పెళ్ళాం పోయినవాణ్ణి అంత మాట అన్నానే అని, అది అంతకన్నా పెద్ద బాధ.

ముందు అందరూ చేసే పనే చేసింది. గంపెడు పళ్ళూ, పట్టుపంచా పంపింది. గంప గంపలాగే తిరిగొచ్చింది. అప్పుడు కోడలితో, నువ్వు రాయవే, నీ మాటంటే వాళ్ళకి ప్రాణం అంది.

"రాస్తాను అత్తయ్యా. కానీ అదీ అచ్చే అవుతుంది. ఈసారి చెక్కతో కాకుండా నా చేత్తో వేయించినట్టు అవుతుంది, అంతే."

ఎంత మాటందో చూడండి! ఆ పూట పేరిందేవమ్మ అన్నం ముట్టలేదు. పొద్దున్నే కోడలి ఎదురుగా కూచుని, నాకు అక్షరాలు నేర్పవే అంది.

అబ్బో, ఆ చదువు చూడాలి! దంచడం తెలిసిన చేతికి పట్టుకోవడం తెలీదు. కలాన్ని అచ్చులాగా పిడికిట్లో బిగించేది, అది పుటుక్కున విరిగేది. పైగా జీవితమంతా అచ్చుల మీద అన్నీ తిరగేసి చూసిన కళ్ళేమో, రాసిన ప్రతి అక్షరమూ తిరగబడి వచ్చేదిట! నాంచారయ్య నవ్వితే కలం తీసుకుని విసిరింది. మళ్ళీ తనే లేచి తెచ్చుకుని కూచుంది.

చేయి కాస్త తిరిగాక తాయారు అడిగింది, అంకమ్మ గురించి మీకేం గుర్తుందత్తయ్యా అని. పేరిందేవమ్మ ఆలోచించింది. ఏమీ గుర్తు రాలేదు. ఇన్నేళ్ళు బట్ట కొన్న చేతిని చూసింది కానీ మనిషిని చూడలేదు. సిగ్గేసింది. కూచుని, కూచుని, ఎప్పటికో ఒకటి గుర్తొచ్చి వెక్కివెక్కి ఏడిచింది. అదే రాసింది. రాసి, ఆ పేలిక పట్టుకుని ఒక్కతే రేవుకి వెళ్ళింది.

పోలయ్య తెరచాప కుట్టుకుంటున్నాడు. తలెత్తలేదు. నాకు చదువు రాదమ్మా, ఇంకొకరి చేత చదివించుకునే ఓపికా లేదు అన్నాడు. నేనే చదువుతా నాయనా అని, వేలు పెట్టుకుని, కూడబలుక్కుంటూ చదివింది.

"అంకమ్మా, ఆ వాన రోజు ఏటి ఒడ్డున ఆరేసిన మా బట్టలన్నీ తడవకుండా నాతో పాటు ఎత్తి ఇంటికి చేర్చావు. నువ్వు నిలువునా తడిశావు. నీకొక మంచిమాటైనా చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నా. నీ మేలు మరిచిపోను. పోలయ్యా, తప్పు నాది."

పోలయ్య చేతిలో సూది ఆగిపోయింది. ఏ వాన అమ్మా అన్నాడు. చెప్పింది. ఆయన ఏటివైపు తిరిగి, "ఆ రోజు ముద్దయి వచ్చింది. ఎక్కడ తిరిగావే అని కోప్పడ్డా. ఒక్క మాట చెప్పలేదు. ఇన్నేళ్ళకి తెలిసింది నాకు" అన్నాడు. అని, ముసలాడు పసిపిల్లాడిలా ఏడ్చాడు. ఈవిడా ఏడ్చింది. ఆ పేలిక నాకిచ్చెయ్యమ్మా అని అడిగి తీసుకుని, లేచి వెళ్ళి మొదటి మూట తనే భుజానికెత్తి పడవలో వేశాడు.

ఆ అచ్చు ఏమయిందంటావా? కాగు కింద పెట్టి వేణ్ణీళ్ళు కాచుకున్నారు. అప్పట్నించీ ఆ కొట్లో, బట్ట మడిచే ముందు పేరిందేవమ్మ వచ్చినవాళ్ళ మొహంలోకి చూసి అడిగేదిట, ఎవరికమ్మా, దేనికమ్మా అని. చెప్పింది చెవినిండా విని, అప్పుడు అత్తో కోడలో రాసేవారు. కొట్టు చల్లగా ఉంది, ఇల్లు పచ్చగా ఉంది. నాంచారయ్య కూడా లావెక్కాడుట.

అదర్రా సంగతి. మంచిమాట చెప్పాలంటే ముందు మనిషిని చూడాలి. అందరికీ ఒకే మాట చెబితే ఎవరికీ చెప్పనట్టే. మేలు చేసినవాళ్ళకి బతికుండగానే చెప్పేయాలి, అంకమ్మకి చెప్పేసరికి పేరిందేవమ్మకి ఆలస్యమైపోయింది.

ఇంక చాలు. కథమ్మ కంచి దారి పట్టింది, మనం నిద్ర దారి పడదాం. దీపం తగ్గించు శేషూ.