గుట్టరాయి మీద గోరువంక

అనగనగా ఒక అడవిలో, ఒక గుట్ట మీద పెద్ద రాయి ఉండేది. దాని మీద నిలబడి మామూలుగా మాట్లాడినా చాలు, అడవి అంతా వినిపించేది. రోజూ తెల్లవారగానే సువ్వి అనే గోరువంక ఆ రాయి మీద వాలి కబుర్లు చెప్పేది. ఏ మడుగులో నీళ్లున్నాయి, ఏ పొదలో వేటగాడు వల పన్నాడు, ఎవరి పిల్ల తప్పిపోయింది, అన్నీ చెప్పేది. ఆ మాట విన్నాకే అందరూ మేతకు కదిలేవాళ్లు.

ఒకనాడు ఉడుతలు గుసగుసలాడుకోవడం సువ్వి చెవిన పడింది. వెనకా ముందూ చూసుకోకుండా రాయెక్కి, "వాగు నీళ్లలో విషం కలిసిందట! పారిపోండి!" అని అరిచేసింది. అడవి అంతా పరుగు లంకించుకుంది. ఆ తొక్కిసలాటలో ఒక జింకపిల్ల కాలు విరిగింది. తీరా చూస్తే విషమూ లేదు, ఏమీ లేదు. పైన కురిసిన వానకు ఎర్రమట్టి కొట్టుకొచ్చి నీళ్లు రంగు మారాయి. అంతే, పిల్లలూ!

సువ్వి కుమిలిపోయింది. రాయెక్కి, "నేను చెప్పింది తప్పు" అని అందరి ముందూ ఒప్పుకుంది. రోజూ జింకపిల్ల దగ్గరికి వెళ్లి లేత చిగుళ్లు నోటికి అందించేది. "నా తొందర వల్లే నీకిలా అయింది, తల్లీ" అని కళ్లనీళ్లు పెట్టుకునేది. తల్లిజింక మాత్రం మొహం తిప్పుకునేది.

ఆ అడవికి దొర భద్రయ్య అనే ఏనుగు. మంచివాడే. కానీ జింకపిల్లను చూసి ఆయనకు కోపం వచ్చింది. "ఇకమీదట రాయి మీద ఏం చెప్పాలన్నా ముందు నాకు వినిపించు. నేను సరేనంటేనే చెప్పు" అన్నాడు. తప్పు తనదే కదా, సువ్వి తల వంచుకుని సరేనంది.

మొదట్లో బాగానే ఉంది. వట్టి పుకార్లు ఆగిపోయాయి. తర్వాత ఒకరోజు సువ్వి, "దొరా, మీ మంద నడిచిన దారిలో కౌజుపిట్టల గుడ్లు నలిగిపోయాయి" అంది.

"అది చెప్పక్కర్లేదులే" అన్నాడు భద్రయ్య.

ఇంకోరోజు, "పచ్చిక చాలదని దుప్పులు బెంగపడుతున్నాయి" అంది.

"ఊరికే అందరినీ దిగులుపెట్టడం దేనికి? వద్దు."

రానురాను పూలు పూశాయి, ఎండ కాసింది అని తప్ప, చెప్పడానికి సువ్వి దగ్గర ఇంకేమీ మిగల్లేదు.

వానలు పట్టాయి. కొండ మీది చెరువు నిండింది. ఆ చెరువు కట్ట మీది చెట్లను ఏనుగులు ఎప్పుడో పెకలించి తినేశాయి. పట్టి ఉంచే వేళ్లు లేక కట్ట మెత్తబడింది. "కట్ట బీటలిచ్చింది" అని ఒక ఎండ్రకాయ సువ్వితో చెప్పింది. ఈసారి సువ్వి తొందరపడలేదు. ఎగిరి వెళ్లి కళ్లారా చూసింది. బీటల్లోంచి బురదనీళ్లు చిమ్ముతున్నాయి. రివ్వున దొర దగ్గరికి వచ్చి సంగతి చెప్పింది.

"ఇదంతా మావాళ్ల వల్లే అంటారు. మా పరువేం కావాలి? వాన తగ్గనీ, నేనే వెళ్లి చూస్తాను. అందాకా నోరు మెదపకు" అన్నాడు భద్రయ్య.

"అందాకా కట్ట ఆగకపోతే, దొరా?"

"జింకపిల్ల సంగతి అప్పుడే మరిచిపోయావా?"

ఆ మాట సువ్వికి ముల్లులా గుచ్చుకుంది. వెళ్లి రాయి మీద వాలింది. మళ్లీ ఎవరికైనా దెబ్బ తగిలితే? దొర అడవిలోంచి వెళ్లగొడితే? కింద పల్లంలో కుందేళ్లు పిల్లలకు పాలిస్తున్నాయి. ఒక ఏనుగు గున్న వాగులో ఆడుకుంటోంది. సువ్వి వాళ్లవంక చూసి, గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

"అందరూ వినండి. చెరువు కట్ట బీటలిచ్చింది. నా కళ్లతో చూశాను. ఎప్పుడు తెగుతుందో నాకు తెలీదు. పల్లంలో ఉన్నవాళ్లు గుట్టెక్కండి. పరుగెత్తకండి. పిల్లల్ని ముందు నడిపించండి."

ఎవరూ కదల్లేదు. "ఆ రోజూ ఇలాగే చెప్పింది" అని గొణుక్కున్నారు.

అప్పుడు తల్లిజింక లేచింది. "ఆ రోజు 'అట' అంది. ఇవాళ 'చూశాను' అంటోంది. తప్పు చేసి ఒప్పుకున్న నోరు అది. నేను నమ్ముతాను" అంది. కుంటుతున్న బిడ్డను ముందు పెట్టుకుని నడిచింది. ఆమె వెనక కుందేళ్లు, దుప్పులు, గున్న, అందరూ కదిలారు.

ఆఖరివాళ్లు గుట్ట ఎక్కారో లేదో, కట్ట తెగింది. నీళ్లు పల్లాన్నంతా ఊడ్చుకుపోయాయి. ఒక్క ప్రాణం పోలేదు.

వాన వెలిశాక భద్రయ్య గుట్ట దగ్గరికి వచ్చాడు. వాగులో ఆడుకున్న గున్న ఆయన మనవరాలే. దాన్ని దగ్గరికి తీసుకున్నాడు.

"దొరా, మీ ఆజ్ఞ మీరాను. శిక్ష వేయండి" అంది సువ్వి.

భద్రయ్య తొండం చాచి దాని తడి రెక్కలు నిమిరాడు. "నీ నోరు కట్టేసి నా చెవులు నేనే మూసుకున్నానమ్మా. ఇక నన్ను అడగక్కర్లేదు. చూసింది చెప్పు. తప్పు చెబితే అదే రాయెక్కి తప్పని చెప్పు, నష్టపోయినవాళ్లను ఆదుకో. ఆ రాయి మీద ఎవరు మాట్లాడినా ఇదే కట్టుబాటు."

"మరి... కట్ట ఎందుకు తెగిందో చెప్పొచ్చా?"

భద్రయ్య కొండ వైపు ఒకసారి చూశాడు. తర్వాత, "చెప్పు తల్లీ" అన్నాడు.

మర్నాడు సువ్వి ఉన్నదున్నట్టు చెప్పింది. భద్రయ్య తన మందతో రాయి కింద నిలబడి, తల వంచి, చివరిదాకా విన్నాడు. ఆ వెంటనే ఏనుగులన్నీ కొత్త కట్టకు మట్టి మోయడానికి కొండెక్కాయి.

నీతి: నలుగురికీ మాట చెప్పేవాళ్లు నిజం చూసుకుని చెప్పాలి, ఏలేవాళ్లు తప్పును దిద్దాలే గానీ నోరు కట్టకూడదు.